పదకొండు నెలల మాట

తంబుచెట్టి వీధిలో, జిరాక్స్ కొట్టు మెట్ల కింద
నా టైపు మిషను.
రోజుకు ఏడెనిమిది అద్దె ఒప్పందాలు.
పేర్లు మారతాయి, అడ్వాన్సు మారుతుంది,
మూడో పేరాలో ఆ మాట మాత్రం మారదు:
డ్వెలింగ్ హౌస్.
ఇరవై రెండేళ్లుగా కొడుతున్నాను.
వేళ్లకి తెలుసు, నాకు తెలీదు.

వానకి బేరాల్లేని ఒక మధ్యాహ్నం
నోటరీ గజపతిగారి బీరువాలోంచి
చెదలు సగం తిన్న నిఘంటువు తీశాను.
సి అంతా తినేసి డి గడపలో ఆగాయి,
వాటికీ ఎక్కడో కడుపు నిండాలిగా.

వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషువాళ్ల నోట
డ్వెల్ అంటే ఇంట్లో ఉండటం కాదట.
దారి తప్పించడం.
మభ్యపెట్టడం.
పోనుపోను, ఆలస్యం కావడం.
ఇంకా పోగా, ఆగిపోవడం.
కాపురం అన్న అర్థం
అందరికన్నా చివర, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది.

నవ్వొచ్చింది.
ఇది మా నాన్న జాతకం కదా,
వీళ్లెప్పుడు ఎత్తిరాసుకున్నారు?

నాన్న ఈ ఊరికి బతకడానికి రాలేదు.
కావలిలో మస్తాన్ సాయిబు కుట్టుమిషను చక్రం
సొట్టపోతే, బాగుచేయించుకు పోదామని వచ్చాడు.
పొద్దున దిగి రాత్రి బండికి ఎక్కే పని.
కొత్తవాల్ చావడి దగ్గర ఎవరో దారి తప్పు చెప్పారు.
చేరేసరికి కొట్టు మూసేశారు.
మర్నాడు రమ్మన్నారు.
మర్నాడు, సామాను రావాలి, వారం పడుతుందన్నారు.
ఊరికే కూర్చోవడమెందుకని
ఆ కొట్లోనే చక్రాలకి నూనె పెట్టాడు.
నలభై మూడేళ్లు పెట్టాడు.

సాయిబు చక్రం తిరిగి వెళ్లలేదు.
మా కొరుక్కుపేట గోడకి మేకు మీద ఉంది.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
కాస్త కదులుతుంది, బయల్దేరబోతున్నట్టు.

"ఇక్కడే స్థిరపడ్డారా?" అని ఎవరన్నా అడిగితే
"ఉండిపోయాం లే" అనేవాడు నాన్న.
ఉండటమూ పోవడమూ
ఒకే మాటలో, ఒకే చాప మీద.

పెళ్లయిన కొత్తలో నేను గది వెతుక్కుంటూ
రాయపురం గల్లీల్లో తిరిగాను.
ఇల్లుందా అని అడిగితే
ఇల్లై అన్నారు.
ఇంటికీ, లేదనడానికీ మధ్య
ఒక్క ఐత్వమే అడ్డం.
వాళ్లకి వీడు అంటే ఇల్లు.
మనకి వీడటమంటే వదిలిపోవడం.
ఒకే గుమ్మం.
వాళ్లు లోపలికి చదువుతారు, మనం బయటికి.

ఈ మాటే గజపతిగారితో అంటే
కళ్లజోడు తుడుచుకుంటూ,
"పాత తెలుగులో మనకీ వీడంటే ఊరేనమ్మా,
మనమే ఆ అర్థం ఎక్కడో పారేసుకున్నాం" అన్నాడు.
పారేసుకున్నామో, తాకట్టు పెట్టామో.

నిన్న సాయంత్రం ఒక జంట వచ్చింది.
అసిరయ్య, నూకరత్నం. పలాస పక్క.
మెట్రో సొరంగంలో మట్టి తోడే పని అతనిది.
వ్యాసర్‌పాడిలో ఒక గది, పైన రేకులు,
నీళ్లు రోజు విడిచి రోజు.
శాశ్వత చిరునామా చెప్పమంటే
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఆమె ఏదో చెప్పబోయి, మానేసి,
"ఇదే రాసేయండి" అంది.
"పదకొండు నెల్లకేనా?" అన్నాడతను.
"మొదట అందరికీ అంతే" అన్నాను.

మూడో పేరా వచ్చింది.
ఇరవై రెండేళ్లలో మొదటిసారి
డి మీటకి పైన నా వేలు నిలబడిపోయింది.
రిజిస్ట్రారు ఆఫీసు మూసే వేళ.
పక్క కొట్టువాడు షట్టరు సగం దించాడు.
వాళ్లిద్దరూ తొందరపెట్టలేదు.

నూకరత్నం
అంతసేపూ చంకనున్న సంచి
మెట్టు మీద కింద పెట్టింది.